అత్తయ్య చెవి మిషన్ సంగతి

ఒరేయ్ బావా,

ఆ చెవి మిషన్ దుకాణంవాడికి అడ్వాన్స్ ఇప్పుడే కట్టకు. అత్తయ్యకి రెండు చెవులూ ఏళ్ల తరబడి కారుతున్నాయి కదా. చెవిలో బిరడాలా దిగే మిషన్ ఎంత ఖరీదుదైనా అదే తంతు: గాలాడదు, తేమ చేరుతుంది, మళ్లీ చీము. అందులోనూ మన వైజాగ్ ఉక్కపోత! లక్ష పోసి కొన్నా అది బీరువాలోనే ఉంటుంది.

నువ్వు పంపిన ఆడియోగ్రామ్, అదే వినికిడి పరీక్ష రిపోర్టు, చూశాను. గాలి ద్వారా వినికిడి బాగా పడిపోయింది గానీ ఎముక ద్వారా దాదాపు మామూలుగానే ఉంది. అంటే లోపలి చెవి బాగుంది, శబ్దం అక్కడికి చేరే దారే పాడైంది. అలాంటివాళ్లకి చెవి వెనక ఎముకను అదిరించి వినిపించే బోన్ కండక్షన్ మిషన్ పనికొస్తుంది. ఎవరో కాక్లియర్ ఇంప్లాంట్, అదే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చేది, పెట్టించమన్నారన్నావు. అది లోపలి చెవే దెబ్బతిన్నవాళ్లకిరా, అత్తయ్యకెందుకు?

ముందు ఆపరేషన్ లేని రకం, తలకి బ్యాండ్‌తో పెట్టుకునేది, ట్రయల్‌కి అడుగు. క్లినిక్ గదిలో అందరికీ బాగానే వినిపిస్తుంది. పూర్ణా మార్కెట్‌లో బేరమాడనివ్వు, ఆటోలో మాట్లాడించు, అప్పుడు తేలుతుంది. మధ్యలో చర్మం అడ్డం కాబట్టి స, ష లాంటి సన్నని శబ్దాలు కాస్త మందగిస్తాయి. బ్యాండ్ బిగిస్తే నొప్పి. అయినా ఆవిడకి అది చాలనిపిస్తే అక్కడే ఆగిపోండి.

చాలకపోతేనే ఆపరేషన్. చెవి వెనక ఎముకలో బిగించిన టైటానియం మర అందులో అతుక్కుపోతుంది, దాని ద్వారా మిషన్ అదురు ఎముకకి చేరుతుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1977లో మొదలైన పద్ధతి ఇది. మర చర్మం దాటి బయటికి వచ్చే రకంలో శబ్దం గట్టిగా అందుతుంది, కానీ చుట్టూ రోజూ శుభ్రం చేసుకోవాలి, లేదంటే పుండు పడుతుంది. అత్తయ్యకి షుగరాయె, చేతులూ వణుకుతాయి. నేనైతే మర బయటికి రాకుండా, చర్మం కింద ఉండే అయస్కాంతమే బయటి మిషన్‌ని పట్టి ఉంచే రకం అడుగుతాను. దానికీ ఓ పేచీ ఉందనుకో. రేపెప్పుడైనా తలకి ఎమ్మారై తీస్తే ఆ మేర బొమ్మ సరిగా రాదు. ఎంత శక్తి అయస్కాంతమున్న ఎమ్మారై వరకు ఫరవాలేదో డాక్టరు చేత కాగితం మీద రాయించుకో.

ఇవన్నీ తర్వాత. ముందు వాల్తేరు ఈఎన్‌టీ ఆసుపత్రిలో చూపించి ఆ చీము సంగతి తేల్చండి. షుగర్ ఉన్నవాళ్లకి చెవి కారుతూ రాత్రుళ్లు గట్టిగా నొప్పి కూడా ఉంటే అస్సలు ఆలస్యం చేయకూడదు. అత్తయ్య నొప్పి బయటికి చెప్పే మనిషి కాదు, నువ్వే అడుగు. ట్రయల్ రోజు ఫోన్ చెయ్యి, వీలైతే నేనూ వస్తాను.

నీ బావ