ట్యూను కట్టినాయన పేరు సరే, బూర ఊదినాయన పేరేదీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం పేజీలో పాత హిందీ పాటల మీద వేసింది చదివినా. బాగానే ఉండాది గానీ, మ్యూజిక్ డైరెక్టర్ సి.రామచంద్ర వెస్టర్న్ స్టైల్ తెచ్చినాడు అని ఒక్క ముక్కలో తేల్చేసినారు, ఆ ట్రంపెట్లు శాక్సోఫోన్లు ఎవురు ఊదినారు, ఎవురెక్కడ ఎత్తుకోవాలో ఎవురు రాసిచ్చినారు అనేదానికి ఒక్క లైను కూడా లేదు.

మా నాయన తిరుపతిలో బ్యాండు సెట్టులో ముప్పై ఏళ్ళు ట్రంపెట్ వాయించినోడు, అందుకే నాకీ మంట.

ఆ రాసిచ్చినోళ్ళలో ఒకాయన చిక్ చాక్లెట్. అసలు పేరు ఆంటోనియో జేవియర్ వాజ్, 1916లో గోవా అల్డోనాలో పుట్టినాడు. బొంబాయికొచ్చి జాజ్ బ్యాండు పెట్టి తాజ్ హోటల్లో వాయించినాడు, అమెరికా ట్రంపెట్ మొనగాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాణీ ఎంత బాగా పట్టినాడంటే జనం ఆయన్ని ఇండియా ఆర్మ్‌స్ట్రాంగ్ అనేసినారు. తర్వాత రామచంద్ర దగ్గర అసిస్టెంటు. అప్పుడు చాలామంది మ్యూజిక్ డైరెక్టర్లు ట్యూను నోటితో పాడి చెప్పేవాళ్ళు, గోవా వాళ్ళకేమో చిన్నప్పుడే చర్చి బడుల్లో స్టాఫ్ నోటేషన్, అంటే ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి, వచ్చేసేది, కాబట్టి దాన్ని కాగితం మీద పెట్టి వయొలిన్‌కి ఇది, ట్రంపెట్‌కి ఇది అని పంచి పెట్టే పని వాళ్ళదే. 1951 అల్బేలా సినిమాలో ఆయన బ్యాండుతో సహా తెర మీదే కనిపిస్తాడు, కావాలంటే యూట్యూబ్‌లో చూడండి.

మా నాయన ఆ పాటలు రేడియోలో విని, తెలుగులో సరిగమలు రాసుకున్న నోటుబుక్కు ఒకటుండేది. పల్లవి ఎవుడైనా వాయిస్తాడురా, మధ్యలో వచ్చే బిట్టు పట్టినోడే మొగోడు అనేవాడు. పెళ్ళి ఊరేగింపుకి పోయే ముందు మూడు మీటలూ పీకి, పాత పంచె గుడ్డతో తుడిచి, నూనె చుక్క వేసి, ఆ బిట్టే రెండుసార్లు ఊది చూసుకునేవాడు. ఆ బిట్టు మీ పేజీలో ఎవురి ఖాతాలో పడింది?

రామచంద్ర మన ఎన్టీఆర్ అక్బర్ సలీం అనార్కలికి మ్యూజిక్ చేసింది 1970ల చివర్లో, అప్పటికి చిక్ లేడు, 1967లోనే పోయినాడు. ఇట్లా ఎవురేం వాయించాలో రాసిచ్చే అరేంజర్ల మీద ఒక ఆదివారం పేజీ వేయండి సార్, సగం పేజీ అయినా పర్వాలేదు. మా నాయనకి ముందు పళ్ళు రాలిపోయి ట్రంపెట్ పట్టలేకున్నాడు గానీ, మీ పేపరు మాత్రం రోజూ నాచేత చదివించుకుంటాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి