చెరువు గట్టు చెత్తపై మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

నమస్కారం. చెరువు గట్టు మీది చెత్తకుప్ప గురించి మా కాలనీవాసులం ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు. అందుకే ఈ లేఖను నలుగురి ముందు పెడుతున్నాం.

ప్లాస్టిక్‌ను తినే బ్యాక్టీరియా చల్లితే చాలని మీ సిబ్బంది అంటున్నారు. 2016లో జపాన్ శాస్త్రవేత్తలు అలాంటి బ్యాక్టీరియాను ప్రకటించిన మాట నిజమే. కానీ అది తినేది నీళ్ల సీసాలకు వాడే పెట్ (PET) రకం ప్లాస్టిక్‌ను. పల్చటి పొరను అరిగించుకోవడానికే, 30 డిగ్రీల దగ్గర, ఆరు వారాలు పట్టింది. 2020లో ఫ్రాన్స్ పరిశోధకుల ఎంజైమ్ (ప్లాస్టిక్‌ను విడగొట్టే ప్రోటీన్) 10 గంటల్లో 90 శాతం పెట్‌ను విడగొట్టింది, అదీ 72 డిగ్రీల వేడి రియాక్టర్‌లో. చెరువును అంత కాచలేం కదా! పైగా మన కుప్పలో ఎక్కువగా ఉన్నవి పాలిథిన్ కవర్లు. ఈ రెండూ వాటి జోలికి పోవు. ఆ కవర్లు ఎండకు పెళుసై, 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కలై నీళ్లలో కలుస్తున్నాయి.

చేపలు పట్టి బతికే కుటుంబాల వలల్లో కవర్లే పడుతున్నాయి. ఈ చెరువు చేపలంటే కొనేవాళ్లు జంకుతున్నారు. కుప్ప తగలబెట్టిన రాత్రి పెద్దవాళ్లకు ఊపిరాడదు.

వానలు మొదలయ్యేలోపు కుప్పను తరలించి, కాలువ చెరువులో కలిసేచోట జాలీ బిగించండి. తగలబెట్టడం ఆపించండి. 120 మైక్రాన్లలోపు మందం ఉన్న క్యారీబ్యాగులపై ఉన్న నిషేధాన్ని దుకాణాల్లో అమలు చేయండి. ఏ పని ఏ తేదీకి పూర్తవుతుందో వార్డు నోటీసు బోర్డులో రాతపూర్వకంగా పెట్టాలని కోరుతున్నాం.

ఇట్లు,
చెరువు కట్ట కాలనీవాసులు