ఆయన తిట్లు మాత్రం ఒకదాంతో ఒకటి కలవలేదు

పలాస,
ఆదివారం రాత్రి

మావా,

మొన్న ఫోన్లో సగం చెప్పేసరికి నీ బస్సు వచ్చేసింది. మిగతా సగం ఇదిగో. టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

ఆరో తరగతిలో మన క-భాష గుర్తుందా? ప్రతి అక్షరం ముందు ఒక క. రామ అంటే కరాకమ. లెక్కల మాస్టారిని ఆయన ఎదురుగానే రెండ్రోజులు తిట్టుకున్నాం. మూడో రోజు ఆయనే నీ వైపు తిరిగి "కబెకత్తం కతే" అన్నారు. ఒక్క సూత్రం ఉన్న భాష అంతే మరి, రెండ్రోజుల్లో ఎవరికైనా వచ్చేస్తుంది.

ఇప్పుడు నేను అలాంటిదే, కాస్త పెద్దది, ఒకటి కడుతున్నాను. పేరింకా పెట్టలేదు. పాత బిల్లు పుస్తకాల వెనక వైపు రాస్తున్నాను. అచ్చులు ఐదు, హల్లులు పది, ఒత్తుల్లేవు. ప్రతి మాటా అచ్చుతోనే ఆగుతుంది, ఆ ఒక్క సుఖం తెలుగు నుంచి తెచ్చుకున్నాను. వార్సాలో జామెన్‌హాఫ్ అనే కళ్ళ డాక్టరు 1887లో తను కట్టిన ఎస్పెరాంటో అనే భాష మీద పుస్తకం అచ్చేశాడు. వ్యాకరణం అంతా 16 సూత్రాలే. అందులో 'బోన' అంటే మంచి, ముందు 'మాల్' తగిలిస్తే 'మాల్‌బోన', చెడ్డ. సగం మాటలు నేర్చుకునే పని తప్పిపోతుంది కదా అని ఆ కిటుకు కొట్టేశాను. నా భాషలో అది 'ని'.

నువ్వు, మీరు తేడా తీసేశాను. రెండింటికీ 'లు' ఒక్కటే. మావయ్య ముందు మాత్రం వాడను, ఆయనకి అర్థం కాదని తెలిసినా నాకే నోరు రాదు. మనం, మేము తేడా కూడా తీసేద్దామని కూర్చున్నాను గానీ చెయ్యి ఆడలేదు. "పెళ్ళికి మేం వెళ్తున్నాం" అంటే నిన్ను పిలవలేదని ఇంకో ముక్క లేకుండా తెలిసిపోతుంది. అంత పని చేసే మాటని ఎలా వదులుకుంటాం?

'ని' దగ్గర మా అమ్మ దొరకబుచ్చుకుంది. చేపల పులుసు పెడుతూ "తీపికి నీ బాసలో ఏటంటారు?" అంది.

"సోమ."

"చేదుకి?"

"నిసోమ."

"మరి పులుపుకి? కారానికి? ఉప్పు చాలకపోతే ఏటంటావు?"

నేను పుస్తకం మూశాను. "ముందు ఆ చింతపండు పిసుకు" అంది.

అసలు గొడవ పనిలో అయింది. మా దగ్గర జీడిపప్పుని 240, 320 అంటాం కదా. పౌను తూకానికి గుండ్లు, అంటే విరగని పప్పులు, సుమారు అన్ని వస్తాయని లెక్క. అంకె పెరిగితే గుండు చిన్నది. పేరు వింటే చాలు, సరుకు కళ్ళ ముందుంటుంది. మాటలన్నీ ఇలాగే ఎందుకుండకూడదు అనిపించింది. ఇంగ్లండులో విల్కిన్స్ అనే ఆయన 1668లోనే ఈ పని చేశాడట. లోకాన్నంతా 40 జాతులుగా కోసి, ఒక్కో అక్షరం చూస్తే వస్తువు ఏ అరలోదో తెలిసేలా మాటలు కట్టాడు. నేనూ మొదలెట్టాను. 'క' అంటే జీడిపప్పు, తర్వాతి అక్షరం ఆకారం. గుండుకి 'కపి', బద్దకి 'కబి'. చూడ్డానికి ముచ్చటగా ఉంది కదా?

ప్యాకింగులో కుర్రాడొకడు సరదాగా నాతో పాటు నేర్చుకున్నాడు. అటు మిషన్ మోత, ఇటు ఫోన్లో నేను 'కబి' అన్నాను. వాడికి 'కపి' వినిపించింది. రెండు డబ్బాల బద్దల మీద గుండు స్టిక్కరు పడింది. లారీ ఎక్కించే ముందు ఓనరు ఒక డబ్బా మూత తీయించారు కాబట్టి బతికిపోయాం. తర్వాత పది నిమిషాలు ఆయన అచ్చ తెలుగులో తిట్టారు మావా. ఆ తిట్లలో ఏ రెండూ ఒకలా వినిపించలేదు.

అప్పుడు బుర్రకెక్కింది. ఒకే అరలో ఉండే వస్తువులనే మనం ఒకదాన్ని ఇంకొకటి అనుకునేది. వాటికే నేను ఏరి కోరి కవల పేర్లు పెట్టాను. 'గుండు', 'బద్ద' అని ఎంత మోతలో అరిచినా ఒకటి ఇంకొకటిలా వినిపించదు. తెలుగు మాత్రం అన్నిచోట్లా బుద్ధిగా ఉందని కాదు, ఇరవైకీ అరవైకీ ఫోన్లో రోజూ తంటాయే. "ఆరు పదులు" అని రెండోసారి చెప్పాల్సిందే.

ఆ పేజీలన్నీ చింపేశాను. ఇప్పుడు పక్కపక్కన ఉండే వస్తువుల పేర్లు వేరే వేరే అక్షరాలతో మొదలవ్వాలి, అదీ కొత్త సూత్రం. రుచులకి 'ని' ఎత్తేశాను, ఆరింటికీ ఆరు మాటలు. అంకెలు మాత్రం పద్ధతిగానే ఉంచాను. మేనకోడలు పదకొండుని పదొకటి అని దెబ్బలు తింటోంది, నా భాషలో దానికి ఫుల్ మార్కులు.

వెనక కాగితం మీద నలభై మాటలు రాశాను, చూడు. తిట్లు ఇంకా ఒక్కటీ కట్టలేదు, ఆ పేజీ నీకే ఖాళీగా వదిలాను. మాస్టారికి దొరక్కుండా కట్టు.

నీ మావ