పవర్ మీటర్ కొనేవాళ్లకి ఈ సంగతి కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ స్పోర్ట్స్ పేజీలో సైక్లింగ్ ట్రైనింగ్ మీద వేసిన వ్యాసం చదివానండి, బాగుంది, కానీ పవర్ మీటర్ (తొక్కేటప్పుడు పెట్టే శక్తిని వాట్లలో కొలిచే పరికరం) దగ్గరికొచ్చేసరికి కొలతలో తేడా 1 శాతమా 2 శాతమా చూసుకుంటే చాలన్నట్టు రాశారు. నేను కూడా సరిగ్గా ఆ ఒక్క అంకె చూసే కొన్నాను, అందుకే రాయకుండా ఉండలేకపోతున్నా.

నేను తీసుకున్నది ఎడమ క్రాంక్‌కి, అంటే ఎడమ పెడల్ బిగించే కడ్డీకి మాత్రమే ఉండే రకం. అది ఎడమ కాలి పవర్ కొలిచి దాన్నే రెండింతలు చేసి చూపిస్తుంది, కుడి కాలు ఏం చేస్తోందో దానికి తెలీదు. ఎడమ కాలు 120 వాట్లు, కుడి కాలు 130 వాట్లు తొక్కితే మొత్తం 250 కదా, మీటర్ మాత్రం 240 అంటుంది. రోజూ అదే తేడా ఉంటే ఇబ్బందేం లేదు, మన ట్రైనింగ్ జోన్లు (ఎంత తేలిగ్గా, ఎంత గట్టిగా తొక్కాలో చెప్పే వాట్ల హద్దులు) కూడా అదే మీటర్ మీద లెక్కేసుకుంటాం కాబట్టి సరిపోతుంది. కానీ నాకు మధ్యలో కుడి మోకాలు నొప్పి పట్టుకుంది, నాకే తెలీకుండా ఎడమ కాలి మీద భారం వేసి తొక్కుతున్నా, స్క్రీన్ మీద వాట్లు పెరుగుతుంటే ఫామ్‌లోకి వచ్చేశానని సంబరపడిపోయి 20 నిమిషాల టెస్ట్ చేసి, సగటులో 95 శాతం తీసుకుని ఎఫ్‌టీపీ (దాదాపు గంటసేపు నిలకడగా తొక్కగలిగే పవర్, జోన్లు దాని మీదే లెక్కేస్తాం) పెంచేసుకున్నా. ఇక ఆ తర్వాత ఇంటర్వెల్ (కాసేపు గట్టిగా, కాసేపు తేలిగ్గా తొక్కే ట్రైనింగ్) ఒక్కటి కూడా పూర్తి చేయలేకపోయా.

అనుమానం ఎక్కడొచ్చిందంటే, ఎప్పుడూ ఎక్కే ఎత్తు ఒకటుంది, అదే సైకిల్, అదే బరువు, ఆ రోజు గాలి కూడా లేదు, ఎప్పటికంటే 15 వాట్లు ఎక్కువ చూపించింది కానీ టైమ్ ఒక్క సెకను తగ్గలేదు. ఫ్రెండ్ దగ్గర రెండు వైపులా కొలిచే పెడల్స్ అడిగి తెచ్చి చూస్తే ఎడమ 53 శాతం, కుడి 47 శాతం. పెట్టె మీద రాసిన శాతం అబద్ధం కాదు, ఎడమ కాలిని అది కరెక్టుగానే కొలిచింది.

అందుకే కొనేముందు ఏ కాలిని కొలుస్తుంది, ఏ సైకిల్‌కి పెడతాం అన్నదే ముందు చూడాలి. గాయాలైన చరిత్ర ఉన్నవాళ్లు ఎడమ క్రాంక్ రకం జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రెండు మూడు సైకిళ్లు మార్చి తొక్కేవాళ్లకి పెడల్స్ హాయి, ఐదు నిమిషాల్లో విప్పి ఇంకోదానికి బిగించుకోవచ్చు, కాకపోతే కింద పడితే ముందు దెబ్బ తగిలేది వాటికే, పైగా క్లీట్ (బూటు కింద ఉండి పెడల్‌కి తగులుకునే ముక్క) వాటికి సరిపోయేదే ఉండాలి. స్పైడర్ (క్రాంక్‌ని, చైన్ తిరిగే పళ్ల చక్రం అంటే చైన్‌రింగ్‌ని కలిపే భాగం) రకం రెండు కాళ్లనీ కలిపి కొలుస్తుంది, కానీ మన క్రాంక్‌కి, చైన్‌రింగ్‌కి సరిపోతుందో లేదో కొలతలు చూసుకోకుండా ఆర్డర్ పెట్టకండి. వెనక చక్రం మధ్య భాగమైన హబ్‌లో ఉండేదైతే చక్రం మార్చిన రోజు మీటర్ ఉండదు.

ఇంకోటి, ఏది కొన్నా తొక్కే ముందు జీరో చేయాలి, అంటే బరువు లేనప్పుడు రీడింగ్ సున్నా ఉండేలా సరిచేయాలి. లోపల స్ట్రెయిన్ గేజ్‌లుంటాయి, లోహం ఎంత వంగుతోందో అవే కొలుస్తాయి, వేడి చలి మారితే రీడింగ్ పక్కకి జరుగుతుంది. సైకిల్‌ని బయట కాసేపు ఉంచి, క్రాంక్ మీద బరువు లేకుండా జీరో చేసుకోవాలి. హబ్ రకం కాకుండా, యాప్‌లో టార్క్ (తిప్పే బలం) చూపించే మీటరైతే ఇంట్లోనే చెక్ చేసుకోవచ్చు, 170 మిల్లీమీటర్ల క్రాంక్‌ని నేలకి సమాంతరంగా పెట్టి, చక్రం కదలకుండా బ్రేక్ పట్టుకుని, పెడల్‌కి సరిగ్గా 10 కిలోలు వేలాడదీస్తే దాదాపు 16.7 న్యూటన్ మీటర్లు రావాలి. ఎడమ క్రాంక్ రకమైతే బరువు ఎడమ పెడల్‌కే కట్టాలి, కొన్ని యాప్‌లు దాన్ని కూడా రెండింతలు చేసి చూపిస్తాయి, అది గమనించుకోవాలి.

ఈసారి పవర్ మీటర్ల గురించి వేసేటప్పుడు ఈ ఎడమ కాలి లెక్క రెండు లైన్లైనా రాయండి సార్, మొదటిసారి కొనేవాళ్లలో చాలామంది తక్కువ ధరకొస్తుందని దాని దగ్గరికే వెళ్తారు.

ఇట్లు,
మీ పాఠకుడు