బొటనవేలికి 30 శాతం సరే, పనికి ఎంత?

రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పనిలో వేళ్ళు పోగొట్టుకున్న జీడి కార్మికుల నష్టపరిహారం గురించి సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీలకు రసీదులు వచ్చాయి గానీ జవాబు రాలేదు. అందుకే ఈ బహిరంగ లేఖ. నష్టపరిహార చట్టం మీకు తెలిసిందే, వివరించం.

పలాస జీడి షెడ్డులో కుడి బొటనవేలు పోతే ఆ చట్టంలోని గాయాల పట్టిక (షెడ్యూలు) ప్రకారం సంపాదనలో నష్టం 30 శాతం. కటింగ్ మిషన్ దగ్గర జీడిపిక్కను చేత్తో బ్లేడుల మధ్య నిలబెట్టి, కాలితో పెడల్ నొక్కాలి. పొట్టు తీసేవాళ్ళకైతే బొటనవేలు, చూపుడువేలు, చిన్న కత్తి, అంతే. ఆ వేలు లేని చేతికి పిక్కలెవరిస్తారు? కాగితం మీద మాత్రం ఆ కార్మికురాలికింకా 70 శాతం సంపాదన ఉందట! అది ఏ షెడ్డులో దొరుకుతుందో మీ శాఖవారే చెబితే వెళ్ళి అడుగుతారు.

ప్రమాదం నాటికి చేయగలిగిన పనులేవీ ఇక చేయలేకపోతే పూర్తి వైకల్యమేనని చట్టంలోనే ఉంది. ఎడమచెయ్యి మోచేతి పైకి పోయిన వడ్రంగికి 1976లో సుప్రీంకోర్టు నూరు శాతమే ఖాయం చేసింది, ఒంటి చేత్తో వడ్రంగం సాగదని. అంటే ముందు అడగాల్సింది ఏం పని అని. మన ఫైళ్ళలో వృత్తి గడిలో ‘కూలి’, హాజరు పుస్తకం మస్టర్‌లో ‘హెల్పర్’, అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్‌లో ఇంకేదో. వీటికి వైకల్య శాతం చెప్పే సదరం సర్టిఫికెట్ జతచేసి నష్టం తేల్చేస్తారు. అది ఒంటిని కొలిచే కాగితం, పనిని కాదు. పోనీ వికలాంగుల పింఛను అడుగుదామంటే అక్కడ వైకల్యం 40 శాతం ఉండాలి.

జీతం గడి సంగతి ఇంకా ఘోరం. కిలోల లెక్కన నెలకు 12,000 సంపాదించే మనిషికి రిజిస్టరులో 9,000 రాశారనుకోండి. 40 ఏళ్ళ వయసుకు చట్టం పట్టికలో గుణకం 184.17. జీతంలో 60 శాతాన్ని దానితో హెచ్చవేసి 30 శాతం కడితే 3,97,807 రావాలి. రిజిస్టరు లెక్కన వచ్చేది 2,98,355. ఒక్క అంకెతో దాదాపు లక్ష మాయం! తూకం చిట్టీలు ఆమె చేతికివ్వరు కాబట్టి రుజువూ ఉండదు.

దరఖాస్తులో ‘కూలి’ అని కాకుండా ఏ చెయ్యి ఏం చేస్తుందో రాయించండి. ఆ కాగితం చదివాకే డాక్టరును శాతం చెప్పమనండి. తూకం పుస్తకాలు యజమాని నుంచి తెప్పించండి. ‘హెల్పర్’ అన్న మాట చూసి మాత్రం తేల్చొద్దు, ఇది పాత అర్జీల్లోనూ వేడుకున్నాం. అయ్యా, వాటిని తిరస్కరించినా సరే, కారణం రాసి పంపండి.

ఇట్లు,
పలాస–కాశీబుగ్గ జీడి కార్మికుల తరఫున