మస్కట్ నుంచి నాన్నకు

మస్కట్,
శుక్రవారం

నాన్నా,

ఫోన్ చేస్తే "ఆ, బాగున్నాం, అమ్మకిస్తున్నా" అని అర నిమిషంలో తప్పించుకుంటారు కదా, అందుకే కాగితం పట్టాను. కంట్లో చుక్కలమందు అయిపోయేదాకా మీరు చదవకూడదు కాబట్టి అమ్మే చదువుతుంది. మీరు పక్కన కూర్చుని వినండి. అమ్మా, మధ్యలో ఆపకు.

ఉద్యోగం మామూలే. ఎండలు ముదిరాయి గానీ నా పని ఏసీ గదిలోనే. చిక్కలేదు.

నిన్న రాత్రి 'సంతోష్ సుబ్రమణ్యం' మళ్లీ చూశాను. మన 'బొమ్మరిల్లు'నే తమిళంలో తీశారే, అది. 2008లో మద్రాసులో మనిద్దరమే వెళ్లాం. తెలుగులో జయసుధ వేసిన తల్లి వేషం గీత వేసింది, సిద్ధార్థ్ బదులు జయం రవి వచ్చాడు, తండ్రి మాత్రం రెండింట్లోనూ ప్రకాష్ రాజే. "కొడుకులు మారతారు గానీ నాన్న మారడు" అని ఇంటర్వెల్లో జోకేశాను. మీరు నవ్వలేదు.

చివర్లో కొడుకు ఇన్నేళ్లూ మింగినవన్నీ తండ్రి ముందు కక్కేస్తాడు చూడండి, అక్కడ నేను తెర చూడలేదు, మిమ్మల్నే చూశాను. కుర్చీ చేతిని గోటితో గీకుతున్నారు. బయటికొచ్చాక "లైటింగు బాగుందిరా" అన్నారు. వడపళని వచ్చేదాకా ఇంకో మాట లేదు. మీరు నా తరమణి ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఫారం చింపేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

అమ్మా, చదువు. కోపంతో రాయడం లేదు.

సినిమా స్టూడియో ఫ్లోర్లలో ముప్పయ్యేళ్లు లైట్లు మోసిన మనిషికి ఆ పనిలో ఏముందో నాకంటే బాగా తెలుసు. మీ మోచేతి మీద మచ్చ రోజూ చూస్తూ పెరిగినవాణ్ణే. తోటివాళ్లంతా హైదరాబాదుకి సర్దుకున్నా మీరు కదల్లేదు. నా స్కూలు కోసమని అమ్మ అంటుంది, అద్దె తక్కువని మీరంటారు. అయినా చింపేముందు ఒక్కసారి అడిగుంటే నేనే మానేసేవాణ్ణేమో. మానేవాణ్ణి కాదేమో కూడా.

మొన్న బుడ్డోడికి బూట్లు కొనడానికెళ్లాం. ఎర్రవి కావాలన్నాడు. మాపు కనబడదని నల్లవి తీసుకున్నాను, అవీ రెండు సైజులు పెద్దవి. ఇంటికొచ్చి ముందు భాగంలో దూది కుక్కుతుంటే మీ కోడలు "ఇదెవరు నేర్పారండీ?" అంది. పాండీ బజారులో మీరు కొన్న జత నాకు ఏడో తరగతి నుంచి తొమ్మిది దాకా వచ్చింది, గుర్తుందా? వీడు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. తలూపి ఊరుకున్నాడు. నిన్న సినిమా మధ్యలో ఆపి వాడి గదిలోకెళ్లి చూశాను. బూట్లు మంచం కిందున్నాయి. దూదంతా పీకేసి, ఉండ చుట్టి, కిటికీలో పెట్టుకున్నాడు.

రేపు మార్చి ఎర్రవి తెస్తాను. సైజు మాత్రం పెద్దదే.

అమ్మా, ఆవకాయ పంపొద్దు, కిందటిసారిది ఇంకా ఉంది. (లేదు. కానీ మీరిద్దరూ ఆ ఎండలో జాడీ మోసుకుని తిరగొద్దు.)

డబ్బు వేశాను. కంటి చెకప్ వాయిదా వెయ్యకండి నాన్నా, ఆటో ఖర్చని బస్సెక్కకండి.

డిసెంబరులో వస్తాం. ఆ సినిమా పెడతాను, మనిద్దరమే చూద్దాం. ఈసారి లైటింగు గురించి కాకుండా ఇంకేదైనా చెప్పాలి మీరు.

మీ
బాబు