ఏతం తొక్కిన రోజు

ఏరా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయలేదని ఈపాటికి తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. ఈ ఉత్తరం పొడుగు చూశాక బాకీ వడ్డీతో సహా తీరిందని నువ్వే ఒప్పుకుంటావు.

మొన్న సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఒక థీమ్ పార్కుకి వెళ్లొచ్చాం. అమ్మ, నాన్న, మీ వదిన, పెద్దది, చిన్నోడు, నేను. ఆరుగురం, ఒక్క కారు. అది మామూలు పార్కు కాదట, పర్యావరణాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టిన పార్కట. పేరు చెప్పను. ముందుముందు కొన్ని తిట్లు ఉన్నాయి, అందుకని. ఆ మాట వినగానే నేననుకున్నది ఒకటే: చెత్తబుట్టలకి ఆకుపచ్చ రంగు పూసి, గేటు దగ్గర చేతికో మొక్క ఇచ్చి, ఫోటో తీసి పంపించేస్తారని. సగం అలాగే ఉంది కూడా. మిగతా సగం కోసమే ఇంత రాస్తున్నాను.

నాన్న సంగతి నీకు కొత్తగా చెప్పాలా? ఖాళీ గదిలో లైటు వెలుగుతుంటే ఆయనకి నిద్ర పట్టదు. కాలేజీ రోజుల్లో మా ఇంట్లో ఫ్యాను ఆపకుండా బయటికి వచ్చినందుకు నీకూ అక్షింతలు పడ్డాయి కదా. అలాంటి మనిషికి అడుగడుగునా 'నీరు పొదుపు చేయండి', 'విద్యుత్ వృథా చేయకండి' అనే బోర్డులు కనిపించేసరికి, పుట్టింటికి వచ్చిన ఆడపడుచులా అయిపోయారు. ఒక ప్రదర్శన గదిలో ఎవరూ లేరనుకుని స్విచ్ కట్టేశారు. లోపల ఒక స్కూలు పిల్లల గుంపు ఉంది. వాళ్లు అది కూడా ఆటలో భాగమే అనుకుని ఒకటే కేకలు. టీచరు మాత్రం అలా అనుకోలేదు.

కారు ఆపే చోటే మొదటి పాఠం. పార్కింగ్ మొత్తానికి పైకప్పు సోలార్ పలకలే. కారుకి నీడ, వాళ్లకి కరెంటు. ఎండ ఎంత మండితే అంత కరెంటు వస్తుందని నేను చిన్నోడికి వివరిస్తుంటే, అక్కడ పనిచేసే కుర్రాడు నవ్వి, "వెలుగు కావాలండీ, వేడి కాదు" అన్నాడు. పలక వేడి 25 డిగ్రీలు దాటాక, పెరిగే ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున కరెంటు తగ్గుతుందట. అందుకే కొన్ని పలకల్ని చెరువు మీద తేలేలా పెట్టారు, కింద నీళ్లుంటే కాస్త చల్లగా ఉంటాయని. నాన్న ముందు నా పరువు అక్కడే సగం పోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఆ పార్కులో ఒక రోలర్ కోస్టర్ ఉంది. దానికి మోటారు లేదు. నిజంగానే లేదురా. ముందు ఒక కొండ కాలినడకన ఎక్కాలి. పైన ఒక పెట్టె ఉంటుంది, అందులో అందరం కూర్చుంటాం. మన బరువుకి ఆ పెట్టె పట్టాల మీద మెల్లగా కిందికి దిగుతుంది. దానికి తాడుతో కట్టిన ఖాళీ రైలు అటువైపు పైకి వెళ్తుంది. తర్వాత మనం మళ్లీ మెట్లెక్కి వెళ్లి ఆ రైల్లో కూర్చుంటే, అక్కడినుంచి భూమ్యాకర్షణే లాక్కుపోతుంది. ఇలాంటిది మొదట వేల్స్‌లోని గ్రీన్‌వుడ్ అనే పార్కులో 2004లో పెట్టారని బోర్డు మీద రాసుంది.

నాన్న ఆ బోర్డు చదవనే లేదు. తాడునీ పెట్టెనీ ఒకసారి చూసి, "ఇది ఏతమే కదరా" అన్నారు. నిజమే! ఏతం మాను మీద మనిషి అటూ ఇటూ నడిస్తే, ఆ బరువుకి బావిలోంచి బాన పైకి వస్తుంది చూడు, అదే లెక్క. అంత పెద్ద బోర్డు, రంగురంగుల బొమ్మలు, మూడు పేరాలు. నాన్న ఒక్క మాటలో తేల్చేశారు. పిల్లలకి ఏతం అంటే ఏంటో తెలియక, అగ్గిపుల్లలతో చేసి చూపించాల్సి వచ్చింది.

ఇక మా పెట్టె కథ విను. నేనూ అమ్మా తప్ప అందరూ ఎక్కారు. అది కదల్లేదు. మా వెనక వచ్చిన వాళ్లంతా చిన్న పిల్లలు, బరువు చాల్లేదు. నడిపే అమ్మాయి మొహమాటపడుతూ, "ఇంకెవరైనా పెద్దవాళ్లు ఎక్కాలండీ" అంది. బయట నిలబడి బ్యాగులు మోస్తున్నది నేనే. నేను కాలు పెట్టానో లేదో, పెట్టె కిర్రుమని దిగడం మొదలుపెట్టింది. అందరూ చప్పట్లు! పదేళ్లుగా డాక్టరు దగ్గర చివాట్లు తింటున్న ఈ పొట్ట జీవితంలో మొదటిసారి పదిమందికి ఉపయోగపడింది. మీ వదిన మాత్రం చప్పట్లు కొట్టలేదు.

అమ్మకి మోకాళ్ల నొప్పులు కదా, కొండ ఎక్కలేదు. ఆమె కోసం నీళ్ల లిఫ్టు ఉంది. రెండు బోగీలు, మధ్యలో తాడు. పైన ఉన్న బోగీ కింద తొట్టెలో వాగు నీళ్లు నింపుతారు. బరువెక్కి అది దిగుతుంటే కింద బోగీ పైకి వస్తుంది. కిందికి చేరాక నీళ్లు వదిలేస్తారు. పైనున్న మనిషి ముందు కిందివాళ్లని "ఎంతమందున్నారు?" అని అడిగి, దాన్ని బట్టి నీళ్లు పడతాడు. లీటరు నీళ్లంటే కిలో బరువు, లెక్క తేలికే. ఇంగ్లండ్‌లో లింటన్, లిన్‌మౌత్ అనే రెండు ఊళ్ల మధ్య ఇలాంటి రైలు 1890 నుంచి నడుస్తూనే ఉందట. నూట ముప్పై ఏళ్లు దాటిన టెక్నాలజీని మనం కొత్త వింతలా నోరు తెరిచి చూస్తున్నాం. అమ్మకి అవేమీ పట్టలేదు. "కుదుపు లేదురా, హాయిగా ఉంది" అని రెండుసార్లు ఎక్కింది.

పెద్దదానికి ఈ ఏడు ఫిజిక్స్ మొదలైంది కాబట్టి లెక్కల పిచ్చి. మధ్యాహ్నం చెట్టుకింద కూర్చుని, టిష్యూ కాగితం మీద లెక్కేసింది. 60 కిలోల మనిషిని 20 మీటర్లు పైకి ఎత్తాలంటే సుమారు 12 వేల జౌళ్లు కావాలి (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం). ఫోను ఒకసారి నిండా ఛార్జ్ చేసే కరెంటుతో ఐదుగురిని ఎత్తొచ్చట! నాకు నమ్మబుద్ధి కాలేదు, రెండుసార్లు వేయించాను. రైలు బరువూ, రాపిడీ అన్నీ కలుపుకుంటే ఇంకా కావాలిలే, అయినా ఆశ్చర్యమే కదా. రోలర్ కోస్టర్‌లో ఖర్చంతా ఆ మొదటి ఎత్తు ఎక్కించడానికే. ఆ తర్వాత వచ్చే అరుపులన్నీ ఉచితం.

అంతటితో ఆగితే బాగుండేది. "నాన్నా, మనం రానూ పోనూ ఎన్ని లీటర్ల పెట్రోలు?" అని అడిగింది. 180 కిలోమీటర్లు, ఆరుగురి బరువు, ఏసీ, మొత్తం 12 లీటర్లు అన్నాను. లీటరు పెట్రోలులో దాదాపు 3 కోట్ల 30 లక్షల జౌళ్లు. పన్నెండు లీటర్లంటే 40 కోట్లు. దాన్ని 12 వేలతో భాగించి కాగితం నా చేతిలో పెట్టింది. 33 వేల మంది! మేం అక్కడికి రావడానికి తగలేసిన పెట్రోలులో ఉన్న శక్తితో 33 వేల మందిని ఆ కొండ ఎక్కించొచ్చు. ఇంజిన్ ముప్పావు వంతు వేడిగా పారేస్తుందనుకున్నా, ఎనిమిది వేల మంది. ఆ రోజు పార్కుకి వచ్చిన జనం అంత ఉంటారో లేదో. పొద్దుట్నుంచి కొండ ఎక్కి ఏదో ఘనకార్యం చేశామని మురిసిపోతున్న నాకు గాలి తీసేసినట్టయింది.

చిన్నోడు ఇంకో బాణం వేశాడు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని గోడ మీద రాసుంది. "లీటరు పెట్రోలు కిలో కూడా ఉండదు కదా, రెండు కిలోలు ఎలా వస్తుంది? తప్పు రాశారు" అన్నాడు. మంచి ప్రశ్నేరా అది. పెట్రోలులో ఉన్న కార్బన్ గాలిలోంచి ఆక్సిజన్‌ని లాక్కుని కలుపుకుంటుంది, పెరిగిన బరువంతా దాందే. వాడికి పెద్దది చెప్పింది, నేను కాదు. నేనప్పటికి మా పన్నెండు లీటర్లకి 27 కిలోల పైనే అని మనసులో లెక్కేసుకుంటున్నా.

సైకిలు తొక్కి బల్బు వెలిగించే ఆట కూడా ఉంది. పాత 60 వాట్ల బల్బుకి నాకు చెమటలు పట్టాయి. ఎల్‌ఈడీ బల్బుకి చిన్నోడు కూడా ఆడుతూ పాడుతూ తొక్కేశాడు. మామూలు మనిషి కాస్త గట్టిగా తొక్కితే 100 వాట్లు వస్తాయి. అంటే ఒక్క యూనిట్ కరెంటు కావాలంటే పది గంటలు ఆపకుండా తొక్కాలి. నాన్న ఆ సైకిలు పక్కనే నిలబడి, ఏమీ అనకుండా నావైపు చూశారు. ఇంట్లో నా గదిలో ఏసీ గుర్తొచ్చింది.

మరుగుదొడ్ల గురించి చెప్పకపోతే మీ వదిన ఊరుకోదు. కొన్ని చోట్ల నీళ్లే లేని దొడ్లు పెట్టారు. పని అయ్యాక రంపపు పొట్టు చల్లాలి. అమ్మ "నా వల్ల కాదు" అని మామూలు వాటికోసం వెతుక్కుంటూ పోయింది. నేను ధైర్యం చేసి వెళ్లాను. వాసన లేదురా! ద్రవం, ఘనం విడివిడిగా పోయేలా కట్టారు. రెండూ కలిస్తేనే ఆ కంపు. మామూలు వాటి నీళ్లేమో రెల్లు పెంచిన మడుగులోకి వెళ్తాయి. వేళ్ల దగ్గరుండే సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి, ఆ నీళ్లే మళ్లీ ఫ్లష్‌కి వాడతారు. మడుగు పక్కన బెంచీ వేశారు, పిట్టలు కూడా ఉన్నాయి. అది ఏ నీరో చెప్పేదాకా అమ్మ ఆ బెంచీ మీద ప్రశాంతంగా కూర్చుంది.

తిట్లు ఉన్నాయన్నాను కదా. బయటికి వచ్చే దారి సరిగ్గా బొమ్మల కొట్టులోంచే. అంతా ప్లాస్టిక్, కాకపోతే దాని మీద ఆకు బొమ్మ. చిన్నోడు ఒక ప్లాస్టిక్ ఉడత కోసం నేల మీద పడి ఏడ్చాడు. ఇంకొకటి, 'భూమిలో కలిసిపోయే కప్పులు' అని గొప్పగా రాసి చల్లటి పానీయాలు ఇస్తున్నారు. ఆ రకం కప్పు పెరట్లో పాతిపెడితే కలవదు. దాదాపు 60 డిగ్రీల వేడిలో నడిచే పెద్ద కంపోస్టు ప్లాంటుకి పంపాలి. మరి ఇక్కడ ఎక్కడికి పంపుతున్నారని అడిగితే కౌంటర్లో కుర్రాడు "మేనేజరుని అడగాలి సార్" అన్నాడు. మేనేజరు ఆ రోజు సెలవు. రోలర్ కోస్టర్ దగ్గర అంత బుర్ర పెట్టినవాళ్లు కొట్టు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వదిలేశారో!

కడిగి మళ్లీ వాడే గట్టి గ్లాసులు కూడా ఉన్నాయి, డిపాజిట్ కట్టి తీసుకోవాలి. నాన్న పట్టుబట్టి మా అందరికీ అవే తీసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో పెద్దది ఏసీ వెయ్యనివ్వలేదు. కిటికీలు దించుకుని, చెవుల్లో గాలి హోరుతో వచ్చాం. అలా అద్దాలు దించినా వేగంగా పోతే గాలి ఒత్తిడికి పెట్రోలు ఎక్కువే తాగుతుందని చెప్పబోయి, దాని మొహం చూసి ఊరుకున్నా. మళ్లీ వెళ్తే రైల్లోనే వెళ్లాలట. స్టేషన్ నుంచి పార్కు వాళ్ల బస్సు ఉందని అప్పుడే కనుక్కుంది కూడా. చిన్నోడు ఉడతని ఒళ్లో పెట్టుకుని నిద్రపోయాడు. అవును, కొన్నాను. నువ్వైనా కొనేవాడివే.

ఇంటికి వచ్చి సంచులు విప్పితే ఒక గ్లాసు మా బ్యాగులోనే ఉండిపోయింది. నాన్న రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ప్రస్తుతానికి అది నా బల్ల మీద పెన్నుల డబ్బాగా ఉంది. వేసవిలో మీరంతా ఇటు వస్తే కలిసి వెళ్దాం. నీ బరువు కూడా తోడైతే ఆ పెట్టె ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. ఒకవేళ నాకు కుదరకపోతే, గ్లాసు మాత్రం నువ్వు పట్టుకెళ్లి ఇచ్చెయ్యి. డిపాజిట్ నువ్వే ఉంచుకో. నాన్నకి చెప్పకు.

నీ
పాత రూమ్మేటు